జానకిరామ్ గారి మూలుగు

కొవ్వూరు జానకిరామ్ గారు ఒకసారి కాలవ గట్టు మీద మూలిగితే విజ్జేశ్వరం లాకుల తలుపులు వాటంతట అవే తెరుచుకున్నాయి. సరే, తలుపులు తెరుచుకున్నాయనడం కొంచెం ఎక్కువే. లాకుల కాపలా చూసే లస్కరు అన్నం ముందు నుంచి లేచొచ్చి, "ఎవరండీ పడిపోయారు?" అని అడిగిన మాట మాత్రం నిజం. ఎవరూ పడిపోలేదు. జానకిరామ్ గారు సైకిలు దిగారు, అంతే.

ఆయన మూలగకుండా ఏ పనీ చెయ్యరు. కూర్చుంటే ఒక మూలుగు, లేస్తే ఇంకోటి. కొబ్బరికాయల వ్యాపారం ఆయనది. లారీ ఎక్కి బస్తాలు స్వయంగా సర్దే మనిషే ఇంటికొచ్చి మంచినీళ్ళ గ్లాసు ఎత్తలేనట్టు "అబ్బా" అంటారు. ఈ కళ ఆయనకి ముసలితనంలో వచ్చింది కాదు. పెళ్ళిపీటల మీదే, "పంతులుగారూ, నా నడుం పడిపోయిందండీ, మంత్రాలు కాస్త తొందరగా కానివ్వండి" అని మూలిగారు. మైకు పక్కనే ఉండడంతో ఆ మూలుగు ఊరంతా విన్నది. పెళ్ళికూతురు వెంకటదుర్గ సిగ్గుతో తల ఇంకా కిందికి దించేసుకుంది. పాతికేళ్ళ కుర్రాడికి డెబ్భై ఏళ్ళ నడుమేమిటని పెళ్ళివారు చాలాకాలం చెప్పుకున్నారు.

వెంకటదుర్గ గారు బళ్ళో డ్రాయింగ్ టీచరుగా పనిచేశారు. ఆవిడ క్లాసు గోడకి ఎరువుల కంపెనీ వాళ్ళ పాత క్యాలెండరు బొమ్మ ఒకటి వేలాడేది. ఎక్కడో దొరల దేశంలో ఒక నది, నది దాటించే పంటు పడవ, పంటు నిండా ఆవులు. నరసాపురం రేవులో పంటు ఎక్కిన పిల్లలకి ఇదైతే సులువుగా పట్టుబడుతుందని ఏడాదికోసారి అదే గీయించేవారు. రిటైరయ్యాక, అసలు బొమ్మ ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక మ్యూజియంలో ఉందని తెలిసింది. మొగుణ్ణి బయల్దేరదీసి, టూరు కంపెనీలో పేర్లిచ్చారు. ఆ ఊళ్ళో సొంతంగా తిరగడానికి ఉన్నది ఒక్క రోజే. ఆ ఒక్క రోజులో ఆ బొమ్మ ముందు నిలబడాలి. అదీ తన కాళ్ళ మీద తను నిలబడాలి.

పొద్దున హోటల్లో టూరు మేనేజరు శాంతికుమార్ పాపం మంచి మాటే అన్నాడు. "మేడమ్, మ్యూజియంలో వీల్‌చైర్ ఇస్తారండి. మీకు చెప్పమంటారా?"

"నాకెందుకయ్యా? నా మోకాళ్ళకేమొచ్చింది?"

ఆవిడ మోకాళ్ళకి ఏమీ రాలేదు. ఆవిడే చెప్పారు కదా. మెట్ల దగ్గర రెయిలింగు గట్టిగా పట్టుకోవడం, లేచేముందు బల్ల మీద చెయ్యానించి కాసేపు ఆలోచించడం, ఇవి ఆవిడ అలవాట్లు.

"వచ్చింది నాకండి బాబూ," అన్నారు జానకిరామ్ గారు. "ఈ కుడి మోకాలు..."

"మీరు ఊరుకోండి. ఆ అబ్బాయి డాక్టరు కాదు."

మొదట వెళ్ళింది చిన్న మ్యూజియం. అక్కడ వెంకటదుర్గ గారు బొమ్మలు చూస్తే, జానకిరామ్ గారు బెంచీలు చూశారు. ఏ గదిలోకి అడుగుపెట్టినా ముందు ఆయన "అబ్బా" లోపలికి వెళ్ళేది, వెనక ఆయన వెళ్ళేవారు.

"దుర్గా, ఇలా రా. కాసేపు నా పక్కన కూర్చో."

"మీరు కూర్చోండి. నేను చూసొస్తాను."

"ఒక్కణ్ణే కూర్చుంటే ఆ గార్డు నన్ను దొంగని చూసినట్టు చూస్తోందే."

విసుక్కుంటూ పక్కన కూలబడేవారావిడ. లేచేసరికి ఇంకో గది, ఇంకో బెంచీ. ఇంతదూరం వచ్చి బెంచీల మీద కూర్చోవడమేమిటని ఆవిడ బాధ.

మధ్యాహ్నం భోజనానికి కాలవ ఒడ్డున హోటలుకి వెళ్ళారు. మేడ మీద కిటికీ పక్కన బల్ల ఖాళీగా ఉంది. అక్కడ కూర్చుంటే కాలవా, పడవలూ కనిపిస్తాయి. వెళ్ళడానికి మాత్రం నిచ్చెన లాంటి నిలువు మెట్లు.

"నా వల్ల కాదు," అన్నారు జానకిరామ్ గారు మొదటి మెట్టు దగ్గరే. "పైన కూర్చుంటే నాకు కళ్ళు తిరుగుతాయి."

"కొబ్బరిచెట్టు ఎక్కినప్పుడు తిరగవా?"

"చెట్టు మీద కూర్చుని అన్నం తినం కదా!"

చివరికి కింద, వంటింటి తలుపు పక్కన కూర్చున్నారు. కాలవ కనిపించలేదు, గిన్నెలు కడగడం కనిపించింది. ఉల్లిపాయ ముక్కలు చల్లిన చేప తెచ్చిపెట్టారు.

"ఏవండీ, ఇది ఉడకలేదు."

"నీకు ఓపికుంటే వెళ్ళి ఉడకబెట్టు. నాకు లేదు."

ఆవిడకీ లేదు. ఇద్దరూ రొట్టె నమిలారు.

రెండోది పెద్ద మ్యూజియం. పొలం గట్ల మీద తిరిగిన అలసట అన్నం తింటే పోతుంది. మ్యూజియం అలసట అలాంటిది కాదు. రెండడుగులు వెయ్యడం, నిలబడ్డం, తలెత్తడం, మళ్ళీ రెండడుగులు. నడిచినట్టూ ఉండదు, ఆగినట్టూ ఉండదు, కాళ్ళు మాత్రం మనవి కాకుండా పోతాయి. పంటు బొమ్మ చిట్టచివరి హాల్లో ఉందట. ఇంకాసేపట్లో మూసేస్తామని మైకులో చెబుతున్నారు. వెంకటదుర్గ గారు ఒక గుమ్మం పట్టుకుని ఆగిపోయారు. ఎదురుగా గది వెనక గది, గది వెనక గది. పెదవి కొరుక్కున్నారు.

అప్పుడు మూలిగారు జానకిరామ్ గారు. అదివరకటివన్నీ దీని ముందు దగ్గుల్లాంటివి. బొమ్మల్లో దొరలు కూడా తలతిప్పి చూశారంటారు. గార్డు పరిగెత్తుకెళ్ళి వీల్‌చైర్ తోసుకొచ్చింది. ఆయన అందులో పల్లకీలో పెళ్ళికొడుకులా కూర్చున్నారు.

"తొయ్యి."

"నేనా?"

"మరి నేనా?"

ఏడవాలో తిట్టాలో తెలియక ఆవిడ రెండు పిడులూ పట్టుకుని తొయ్యడం మొదలుపెట్టారు. ముసలావిడ చేత బండి తోయించుకుంటున్న ఈ మగవాణ్ణి చూసి దారిపొడుగునా జనం మొహాలు ముడుచుకున్నారు. ఒక దొరసాని ఆగి ఇంగ్లీషులో, "మీకు సిగ్గుగా లేదా?" అని అడిగేసింది.

"థాంక్యూ మేడమ్," అన్నారు జానకిరామ్ గారు.

రెండు హాళ్ళు దాటాక వెంకటదుర్గ గారికి ఒక సంగతి తోచింది. తను నడుస్తోంది. బరువంతా ఆ పిడుల మీద వాల్చి, పొద్దుటికన్నా సులువుగా నడుస్తోంది. బండి కూడా ఇంత లావు మనిషిని మోస్తూ బరువే లేనట్టు పోతోంది. అనుమానమొచ్చి పక్కకి వంగి చూశారు. జానకిరామ్ గారి కాళ్ళు ఉండాల్సిన పలక మీద లేవు. రెండు చెప్పులూ నేలని వెనక్కి నెడుతున్నాయి, చప్పుడు కాకుండా, పడవవాడు తెడ్డు వేసినట్టు.

ఆవిడ నిటారుగా అయిపోయి, ఏమీ చూడనట్టు నడిచారు. పెళ్ళిపీటల మీద తన కాలు తిమ్మిరెక్కి కళ్ళలో నీళ్ళు తిరిగిన సంగతీ, సరిగ్గా అప్పుడే పక్కన ఎవరి నడుమో పడిపోయిన సంగతీ గుర్తొచ్చాయి.

చివరి హాల్లో పంటు ఉంది. క్యాలెండరులో మసకేసిన నీళ్ళు ఇక్కడ మెరుస్తున్నాయి. ఆవిడ కోరుకున్నట్టే తన కాళ్ళ మీదే, బండి పట్టుకుని, తృప్తిగా చూశారు.

"ఈ కుర్చీ నాకు గుచ్చుకుంటోంది," అంటూ లేచారు జానకిరామ్ గారు. "నీకూ గుచ్చుకుంటుందేమో చూసి చెప్పు."

ఆవిడ కూర్చున్నారు. ఆయన వెనక నిలబడ్డారు.

"గుచ్చుకుంటోందా?"

"బాగా గుచ్చుకుంటోంది. ఇంకాసేపు చూసి చెబుతాను."

"ఆవులన్నీ నిలబడే ఉన్నాయి, పాపం."

"ఏవండీ, మీకు నొప్పి ఏ మోకాలండీ?"

"ఎడంది."

"పొద్దున్న కుడి అన్నారు."

"మారింది."

మొన్న కొవ్వూరులో వెంకటదుర్గ గారు పెరట్లో కూర్చుని ఈ కథంతా పక్కింటి సత్యకుమారికి చెబుతూ, కాఫీ పెడదామని కుర్చీ చేతుల మీద చేతులానించారు. మేడ పైన ఇనప నిచ్చెనెక్కి నీళ్ళ ట్యాంకు కడుగుతున్న జానకిరామ్ గారి దగ్గర్నుంచి పెద్ద మూలుగు వినిపించింది.

"అబ్బా! దుర్గా, నువ్వు పెట్టే కాఫీ నాకు అరగట్లేదు. నువ్వు లేవకు. నేనొచ్చి పెట్టుకుంటాను, మీ ఇద్దరికీ కూడా పోస్తాను."

సత్యకుమారి పకపకా నవ్వింది. "బాబాయ్ గారూ, ఆమ్‌స్టర్‌డామ్‌లో బండిని కాళ్ళతో నడిపించారటగా?"

నిచ్చెన మీద చెప్పుల చప్పుడు ఆగింది.

"అంతా అబద్ధం తల్లీ. మేమసలు ఆ ఊరే వెళ్ళలేదు. అన్నవరం వెళ్ళొచ్చాం."