కనుమ మీద మా రాయి

మా ముత్తాతగారు మునగపాక వైపు కొన్ని ఊళ్ళకు జమీందారు. ఆయనా, ఆయన తండ్రిగారూ మన్యానికి పోయే పాత కనుమను పల్లకీలోనే దాటేవారు. మొన్న ఆ కనుమకు ట్రెక్కింగ్‌కి వెళ్ళినప్పుడు ఈ సంగతి మా గైడు అప్పన్నకు దారి పొడుగునా చెప్పాను.

కనుమ దాటేవాళ్ళు కింద వాగులో ఒక రాయి ఏరుకుని, పైన అమ్మవారి దగ్గర పెట్టాలి. నేనూ ఏరి, అప్పన్న సంచిలో వేశాను. పైకెళ్ళాక అడిగితే అతను ఇవ్వలేదు.

"మోసినోడిదే రాయి బాబూ. ఇది నాది."

"మా పెద్దవాళ్ళ రాళ్ళు బోయీలే తెచ్చి పెట్టేవారు," అన్నాను.

"అయితే దాటింది బోయీలే. మీవోళ్ళు ఈ కనుమ దాటినట్టు అమ్మోరికి తెలీదు."

"పల్లకీలో ఎవరున్నారో చూడదా?"

"మూటలో ఏటుందో ఆయమ్మ ఇప్పి సూత్తాదా ఏటి?"

వెంట వచ్చినవాళ్ళు నవ్వారు. నేను వాగుదాకా దిగి, ఇంకో రాయి ఏరుకుని, మళ్ళీ ఎక్కి, వంగి అమ్మవారి ముందు పెట్టాను.

"ఇప్పుడు మీ వంశం దాటింది," అన్నాడు అప్పన్న.

ఆ పల్లకీని మా నాన్నగారు ఎప్పుడో అనకాపల్లిలో షామియానాలు అద్దెకిచ్చే ఆయనకు అమ్మేశారు.