మెట్ల మీద రెండో టేకు

సింగపూర్ క్లెమెంటిలో మా అపార్ట్‌మెంట్ బ్లాక్ కింద శనివారాలు కరాటే లాంటి విద్య నేర్పే కొరియన్ ఆంటీకి డెబ్బై దాటాయి. వెన్నునొప్పి తగ్గుతుందేమోనని ఆమె దగ్గర చేరాను. ఒకప్పుడు ఆమె ఫైట్ సినిమాల హీరోయిన్ అని రెండేళ్లదాకా నాకు తెలియదు. ఓ డైరెక్టర్ వెతుక్కుంటూ క్లాసుకే వచ్చి, తన సినిమాలో ముసలి గురువు వేషం వెయ్యమని అడిగిన రోజు తెలిసింది. ఒక ఫైటు, చివర మెట్ల మీద నుంచి పడిపోవడం. డూప్‌ని పెడతానంటే ఆంటీ వద్దంది.

షూటింగుకి నన్ను తోడు రమ్మంది. ఆమె ఇంగ్లీషు అంతంతమాత్రం, తొందరగా మాట్లాడేవాళ్లతో ఇబ్బంది. సైన్స్ పార్క్‌లో మా ఆఫీసుకి సెలవు పెట్టాను.

ఊరి చివర తువాస్ దగ్గర మూతపడ్డ ఫ్యాక్టరీలో షూటింగ్. ట్రైన్‌లో వెళ్తూ ఆంటీ తన సంగతి చెప్పింది. పంతొమ్మిదేళ్లకి హాంకాంగ్ వెళ్లిందట. వరసగా సినిమాలు. ఓ సినిమాలో గోడ మీద నుంచి దూకాలి. రెండుసార్లు బాగానే దూకింది, డైరెక్టర్ ఇంకోసారి అన్నాడు. కాలు వణుకుతున్నా దూకింది. మోకాలు విరిగింది. మిగిలిన సీన్లు వేరే అమ్మాయిని వెనక నుంచి చూపించి పూర్తి చేశారు. ఆ తర్వాత ఎవరూ పిలవలేదు. పెళ్లి చేసుకుని భర్త ఉద్యోగం ఉన్న సింగపూర్ వచ్చేసింది.

కాలు వణుకుతోందని ఎందుకు చెప్పలేదని అడిగాను.

"భయపడిందంటారని," అంది.

ఫ్యాక్టరీలో ఎత్తయిన ఇనప మెట్లు. ఒక్కో మెట్టు అంచుకీ పలచటి రబ్బరు, కింద ఒక్క పరుపు. ఆంటీ పైకెక్కి నిలబడింది. యాక్షన్ అన్నారు. ఆమె దొర్లుతూ వచ్చిన చప్పుడు షెడ్డంతా మోగింది. పరుపు మీద కదలకుండా పడి ఉంది. కాసేపటికి తనే లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు.

డైరెక్టర్ మానిటర్ చూసి, మొహం సరిగా పడలేదు, ఇంకోసారి చేద్దామన్నాడు.

ఆంటీ కుడి మోకాలు పట్టుకోవడం నాకొక్కదానికే కనిపించింది. ముందుకెళ్లబోతే చేత్తో ఆగమంది. మళ్లీ ఎక్కడం మొదలుపెట్టింది. మూడు మెట్లు ఎక్కి, రెయిలింగు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కెమెరా సిద్ధంగా ఉంది.

ఆమె వెనక్కి తిరిగింది.

"ఇంక పడను. మోకాలు నొప్పిగా ఉంది. నాకు భయంగా కూడా ఉంది."

డైరెక్టర్ వాచీ చూసుకున్నాడు, అసిస్టెంటుతో ఏదో గుసగుసలాడాడు. పంపించేస్తారనే అనుకున్నాను. చివరికి డైరెక్టరే కుర్చీ తెచ్చి వేశాడు. మొహం పరుపు మీద విడిగా తీస్తాను, పడింది ఒకసారి చాలన్నాడు.

టాక్సీలో ఆంటీ మోకాలి మీద ఐసు సంచీ పెట్టుకుంది. తర్వాత, ఆకలేస్తోందంది. హాకర్ సెంటర్ తిండి దుకాణాల దగ్గర దిగి, ఇద్దరం చేప సూపు తాగాం. ఆంటీ నాకంటే ముందే గిన్నె ఖాళీ చేసింది.