సిమెంటు పాలు పోయని దూలాలు

నకిరేకల్ బస్సులో నా పక్కన కూర్చున్న ఆ పెద్దమనిషి, తెల్ల ప్యాంటు మాయకుండా సీటును జేబురుమాలుతో మూడుసార్లు తుడిచాడు. అంత శుభ్రం! పెండ్లి హాలు కట్టిన కంట్రాక్టర్నని అడక్కుండానే చెప్పాడు.

“నడుమ ఒక్క స్తంభం లేదు. దూలాలల్ల గొట్టాలు పెట్టి, ఇనుప కేబుళ్లు దోపి, జాకీతోని గుంజి బిగించినం. గసుంటి పని నీకేం ఎర్క!”

ఎరుకే. పదేళ్లు ఆ జాకీ పంపు కొట్టీ కొట్టీ నా చేతులు కాయలు కాచాయి. కేబుళ్లు బిగించాక గొట్టంలోకి ఒక కొస నుంచి సిమెంటు పాలు ఎక్కించాలి. రెండో కొస నుంచి చిక్కగా కారేదాకా ఆపకూడదు. ఎక్కించకపోతే లోపల నీరు చేరి కేబుళ్లు తుప్పు పడతాయి. పైకి ఏమీ కనబడదు, దూలం కూలేదాకా.

“సిమెంటు పాలు ఎక్కించిన్రా సారూ?”

“రెండు కొసలకు ఇంత సిమెంటు మెత్తినం. లోపలికి సూడొచ్చేటోడు ఎవడు?” అని పకపకా నవ్వాడు.

అతని ఒళ్లో పసుపు పూసిన శుభలేఖల కట్ట ఉంది. కూతురి పెండ్లట.

“గా హాల్లనే చేస్తున్నరా?”

నవ్వు ఆగింది. జేబురుమాలు మడత పెట్టుకుంటూ, “లేదు. ఇంటి ముందల పందిరేస్తున్నం,” అన్నాడు.

థూ అనుకున్నాను, మనసులోనే. ఆ దూలాల సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆ హాల్లో పెళ్లికి పిలిస్తే మాత్రం, గుమ్మం బయటే నిలబడి అక్షింతలు విసిరి వచ్చేస్తాను.