బోరేలు మోసిన ఇంజనీరింగ్ క్లాసు

ఆదోని పత్తి మిల్లుల్లో పని నేర్చుకోవడమంటే ఆ రోజుల్లో దొంగతనం చేయడంతో సమానం. ఖలందర్ అట్లాగే నేర్చుకున్నాడు. మీసం రాకముందే నూనె డబ్బా పట్టుకుని, పత్తిలోంచి గింజ తీసే జిన్నింగ్ మిల్లులో చేరాడు. మేస్త్రీ మంచివాడే, ఆకలేస్తే తన బొరుగుల్లో సగం పెట్టేవాడు. కానీ మిషన్ విప్పి, చెయ్యి అసలు కిటుకు మీదికి పోయే వేళకు మాత్రం, "రేయ్ ఖలందరూ, పోయి టీ తేపో" అనేవాడు. టీ తెచ్చేలోపల రోలరు ఎక్కేది, బోల్టు బిగిసేది, మిషన్ తిరుగుతుండేది. చూపిస్తే రేపు వీడే నా పొట్ట కొడతాడని మేస్త్రీ భయం. ఆయనకూ ఆయన మేస్త్రీ అట్లాగే నేర్పాడు మరి. తెలిసినవాడెవడైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఒక్క ఏడాదిలో వచ్చే పనికి ఖలందర్ వయసంతా కరిగిపోయింది.

అందుకే, కొత్త తెలుగు రాష్ట్రం వచ్చిన కొన్నాళ్ళకు ఊళ్ళోని హైస్కూల్లో ఇంజనీరింగ్ సెక్షన్ పెడుతున్నారని, నాలుగో ఫారం నుంచి ఆరో ఫారం దాకా, అంటే బడి చివరి మూడేళ్ళూ, పిల్లలకు పుస్తకాలతో పాటు మిషన్ పని కూడా నేర్పుతారని వినగానే అతనికి ఒళ్ళు పులకరించింది. గూడ్సు బండిలో, ఇనుప కడ్డీని తిప్పి చెక్కే లేతు మిషన్ దిగింది. పెద్ద చదువు చదివిన ఇంజనీర్లెవరూ ఈ ఎండలకు, ఈ దుమ్ముకు రామన్నారు. తెలుగు చదవడం రాయడం వచ్చిన ఫిట్టరు కావాల్సి వచ్చి ఖలందర్‌ను పిలిచారు. మిల్లులో వచ్చేదానికంటే జీతం తక్కువ.

"మిల్లులో అందరూ మేస్త్రీ మేస్త్రీ అని వెంటబడతారు, అది సాలలేదా నీకు?" అంది భార్య మహమూదా బీ.

"బళ్ళో సారూ అంటారు."

"ఆ సారును కూటిలో నంజుకుందామా?"

"నువ్వు నవ్వు. టీ తేపో అని ఎవుర్నీ పంపను నేను. అందురి ముందర విప్పుతా, అందురి ముందర బిగిస్తా. సూడాలంటే సూసుకోనీ."

మహమూదా బీ ఉతికిన చొక్కా ఇచ్చి పంపింది.

సెక్షన్‌కు పిల్లల్ని ఎట్లా ఎంచారో చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే ఈ కథ చెప్పడమే దండగ. హెడ్మాస్టరు పిల్లలందర్నీ వరండాలో వరసగా నిలబెట్టి ఒకటే ప్రశ్న వేశాడు: "మీ నాయన ఏం పని చేస్తాడు?" లెక్కలు వచ్చా అని అడగలేదు. నీకేం కావాలనుంది అని అడగలేదు. దుకాణం అన్నవాడు, వకీలు అన్నవాడు, భూములు అన్నవాడు కుడిపక్కకు. వాళ్ళకు చరిత్ర, ఇంగ్లీషు, రేపు కాలేజీ. కూలి అన్నవాడు, బండి తోలతాడు అన్నవాడు, మగ్గం అన్నవాడు ఎడమపక్కకు, వాళ్ళకు ఇంజనీరింగ్. దాన్ని దారి చూపడం అన్నారు. తండ్రి చేతులు చూసి కొడుకు నుదుటి మీద రాయడానికి బడి ఎందుకు? ఆ పని పుట్టినప్పుడే ఊరు చేసి పెట్టింది కదా!

ఎడమపక్కకు పోయినవాళ్ళలో కృపానందం ఒకడు. వాళ్ళమ్మ సుగుణమ్మ ఊరి బయటి క్రైస్తవపేటలో ఉంటుంది, పత్తి తీతకు పోతుంది. మొగుడు పోయాక బిడ్డను తనే చదివించుకుంటోంది. ఎమ్మిగనూరు మగ్గం మనిషి లక్ష్మప్ప కొడుకు ఇంకొకడు; ఆదోనిలో మేనత్త ఇంట్లో ఉండి చదువుకుంటున్నాడు. ఆ ఎంపిక ఖలందర్‌కూ ముల్లులా గుచ్చుకుంది. సరే, ఇచ్చిందేదో నిజంగా ఇస్తే చాలు, వీళ్ళను చూసి కుడిపక్క వాళ్ళు కుళ్ళుకునేట్టు చేస్తా అనుకున్నాడు.

అదైనా ఇచ్చారా?

లేతు మిషన్‌కు మొదటిరోజు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఒక్కసారి తిప్పి ఆపారు. ఆ సాయంత్రమే గదికి తాళం పడింది. "అది సర్కారు ఆస్తి. పిల్లలు విరగ్గొడితే జవాబు చెప్పేదెవరు? నువ్వా నేనా?" అన్నాడు హెడ్మాస్టరు. తాళంచెవి ఆయన బల్ల సొరుగులో ఉండిపోయింది. తనిఖీకి ఎవరైనా వస్తే తుడుస్తారు, పోయాక మళ్ళీ గోనెపట్టా కప్పుతారు. ఖలందర్ నల్లబల్ల మీద సుద్దముక్కతో లేతు బొమ్మ వేసి, ఇది కడ్డీని పట్టే చక్కు, ఇది చెక్కే టూలు అని చెప్పుకుంటూ వచ్చాడు. ఈత నేర్చుకోవడానికి బావి బొమ్మ గీసినట్టు. అడిగాడు, బతిమాలాడు, ఒకసారి అరిచాడు కూడా. నాలుగో ఫారం, ఐదో ఫారం అట్లాగే గడిచిపోయాయి.

పిల్లలు ఆరో ఫారంకు వచ్చారు. ఆ ఏడు పరీక్షలో లేతు మీద పని చేసి చూపించాలి. చూపించకపోతే తప్పుతారు. తప్పితే పాలిటెక్నిక్ గుమ్మం కూడా తొక్కనివ్వరు.

అప్పుడు బడి కమిటీ పెద్ద, జిన్నింగ్ మిల్లు సావుకారు చెన్నబసప్ప పిల్లల మీద దయ చూపాడు. "మన మిల్లులో ఎన్ని మిషన్లు లేవు! వారానికి రెండు దినాలు పిల్లోల్లను పంపండి. ప్రాక్టికల్ చేసుకుంటారు" అన్నాడు. కమిటీలో అందరూ చప్పట్లు కొట్టారు. ఖలందర్ కూడా కొట్టాడు. తనూ వెంట పోతానన్నాడు. "అక్కడ వాళ్ళ మేస్త్రీలున్నారు. నువ్వు ఈ బెంచీల కాళ్ళు బిగించు" అన్నాడు హెడ్మాస్టరు. బెంచీలయ్యాక కిటికీ గొళ్ళాలు, అవయ్యాక హెడ్మాస్టరు ఇంటి బావి గిలక. పత్తి ఊళ్ళోకి బండ్లు బండ్లుగా దిగుతున్న కాలం అది. ఆ ముక్క అతని బుర్రకు ఎక్కలేదు.

ఒక సాయంత్రం సుగుణమ్మ అతని ఇంటి ముందు నిలబడి పిలిచింది. తల నిండా పత్తి నూగు.

"ఓ కలందరన్నా! ఇంట్లో ఉండావా, యాడన్నా పిల్లోల్లకు ఇంజనీరింగు సెప్తాండావా?"

"రా సుగుణమ్మా, కూసో. ఏమైంది?"

"కూసునేకి రాలే. ఈ పొద్దు రైతు బండెంబడి మిల్లుకు పోయినా. నా కొడుకు ఎదురుపడినాడు. నెత్తిన పత్తి మూట, ఇంత బోరెం పెట్టుకోని. ఎవురో హమాలీ పిల్లోడనుకున్యా. మొగం సూస్తే నా బిడ్డ! నన్ను సూసి తల దించుకున్నాడు సూడు, ఆడ్నే సచ్చిపోయినట్టాయ నాకు."

ఖలందర్ కూర్చున్న చోటునుంచి లేచాడు.

"బోరేలు మోసేకైతే పదో ఏట్నే మోపిద్దును గదన్నా! ఇన్ని దినాలు పస్తులుండి బళ్ళోకేల తోలినా? బోరెం ఎట్ల మోయాల్నో నేర్పేకి మీ హైస్కూలు కావాల్నా?"

"నీ యేసు సాచ్చిగానే సెప్తాండా, సుగుణమ్మా. నాకు తెల్దు."

"తెల్దా? సారువి గదన్నా నువ్వు! నీకు తెలీకుంటే ఎవురికి తెలియాల?"

లోపలినుంచి మహమూదా బీ నీళ్ళు తెచ్చి సుగుణమ్మ చేతికిచ్చింది. మొగుడి వైపు తిరిగి, "దాని మాటల్లో తప్పు ఏముండాది?" అంది.

ప్రాక్టికల్ రోజు మళ్ళీ వచ్చేదాకా ఖలందర్ ఆగాడు. ఆ రోజు బావి గిలక వదిలేసి నేరుగా మిల్లుకు పోయాడు. గేటులో పాత నేస్తాలు సలాం చేసి, తర్వాత మొహాలు తిప్పుకున్నారు. వాళ్ళకు ముందే తెలుసు. లోపల ఇంజనీరింగ్ సెక్షన్ మొత్తం ఉంది. కొందరు బోరేలు మోస్తున్నారు, కొందరు జిన్నుల కింద గింజలు ఎత్తి పోస్తున్నారు. లక్ష్మప్ప కొడుకు దుమ్ములో దగ్గుతూ చీపురు పట్టుకున్నాడు. మిషన్ల దగ్గరికి మేస్త్రీ ఒక్కర్నీ రానివ్వడం లేదు. ఆదోనిలో హమాలీలు దొరక్క కాదు. హమాలీకి కూలి ఇవ్వాలి, విద్యార్థికి ప్రాక్టికల్ ఇస్తే చాలు.

"నాకెందుకు సెప్పలేదురా?" అన్నాడు ఖలందర్, కృపానందం నెత్తి మీది బోరెం దించుతూ.

"సెప్తే పరీచ్చకు కూసోనియ్యం అన్నారు సార్."

సావుకారు చెన్నబసప్ప నవ్వుతూ బయటికి వచ్చాడు. "ఏమప్పా ఖలందరూ, పాత మిల్లు యాదొచ్చినాదా?"

"మిషన్ల ప్రాక్టికల్ అంటివి గదా సావుకారూ. ఇదేం ప్రాక్టికల్?"

"కష్టం తెలియాల గదప్పా పిల్లోల్లకు. ఒళ్ళు వంగితేనే పని వస్తాది."

"మీ సిన్నోడు గూడా ఆరో ఫారమే గదా! పంపు, వానికీ ఒక బోరెం ఎత్తుతా. కష్టం తెలియనీ."

సావుకారు నవ్వు ఆగిపోయింది. ఖలందర్ పిల్లల్ని ముందు పెట్టుకుని, ఒంటి నిండా నూగుతో ఉన్నవాళ్ళను ఉన్నట్టే, నడిబజార్లోంచి బడిదాకా నడిపించాడు. దుకాణాల వాళ్ళు అరుగుల మీదికి వచ్చి చూశారు. హెడ్మాస్టరు గదిలోకి పోయి చెయ్యి చాపాడు.

"తాళంచెవి ఇయ్యండి సార్. పరీచ్చ దగ్గిరికొచ్చింది. ఇంగ ఒక్క దినం గూడా ఆ గది మూసిపెట్టేకి లేదు."

"ఎవరితో మాట్లాడుతున్నావు ఖలందర్? డిగ్రీ లేకున్నా దయతో పెట్టుకుంటే, కమిటీ పెద్దనే నిలదీస్తావా? రేపటి నుంచి గేటు లోపల కాలు పెట్టవద్దు."

అంతే. ఉద్యోగం పోయింది. పిల్లల్ని కూలికి పెట్టినవాడి కుర్చీ మాత్రం చెక్కు చెదరలేదు. మిల్లులో మళ్ళీ చేరే దారి కూడా మూసుకుంది. ఒక సావుకారితో పెట్టుకున్నవాణ్ణి ఇంకో సావుకారు రానివ్వడు.

"రేయ్, మీ సదువు పాడుగాను" అని, మిల్లు వదిలొచ్చినందుకు పిల్లల్ని తిట్టడానికి వచ్చిన తల్లిదండ్రులు సంగతి విన్నాక తిట్టును హెడ్మాస్టరు మీదికి మళ్ళించారు. సుగుణమ్మ పేటలో ఇల్లిల్లూ తిరిగింది. ఎమ్మిగనూరు నుంచి లక్ష్మప్ప మగ్గం ఆపేసి బస్సెక్కి వచ్చాడు. పొద్దున్నే అందరూ పోయి తాళం వేసిన గది ముందు వరండాలో కూర్చున్నారు. కూలి మానుకుని కూర్చున్నారు.

హెడ్మాస్టరు వచ్చి, "ఏమయ్యా లక్ష్మప్పా, పెద్దమనిషివి. తరగతులు జరగవద్దా?" అన్నాడు.

"జరగాలనే కూసున్నాం సామీ. మగ్గం గుంతలోనించి నా కొడుకును బయటికి తీస్తారని ఈడ వదిలితే, బోరేల కిందికి తోస్తిరి. ఆ మిషన్ యాడుందో, ఎట్లుందో ఒకసారి సూపిస్తే, దండం పెట్టి పోతాం."

"సోమవారం తెరిపిస్తాను."

"అట్లయితే సోమారం దాకా ఈడ్నే ఉంటాం లే" అంది సుగుణమ్మ, సద్దిమూట విప్పుతూ. "ఏం, మాకు కొత్తా నేల మీద కూసునేది?"

మధ్యాహ్నానికి కుడిపక్క పిల్లల తండ్రులు కూడా ఏమిటీ గొడవ అని గేటు దగ్గర గుమిగూడారు. ఊరంతా చూస్తోంది. హెడ్మాస్టరు సొరుగు తెరిచాడు. కానీ పంతం వదల్లేదు. గది తెరుస్తాను, ఖలందర్ మాత్రం లోపలికి రాకూడదు, అన్నాడు. కొత్త సారును ఎప్పుడు తెస్తారంటే, చూస్తాం అన్నాడు. గోనెపట్టా తీసిన మిషన్ చుట్టూ పిల్లలు నిలబడ్డారు. ముట్టుకోవడానికి భయం, చెప్పేవాడు లేడు. చేతికిచ్చినట్టే ఇచ్చి, నోటికి అందకుండా చేయడంలో చదువుకున్నవాళ్ళది అందె వేసిన చెయ్యి.

మరునాడు పొద్దున ఖలందర్ ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. గేటు దగ్గర ఆగలేదు. ప్రహరీ లేని పక్కకు, ఆ గది గోడ బజారును ఆనుకుని ఉన్న చోటికి పోయి, కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు.

"రేయ్ కృపానందం, కడ్డీ తీస్కో. చక్కులో పెట్టు. లచ్చుమప్ప కొడకా, నువ్వు దగ్గిరికి రా, అందురూ సూడండి."

పత్తి బండి తోలుకుపోతున్నవాడు ఎద్దుల్ని నిలబెట్టాడు. "ఏం సాయిబూ, కిటికీతో మాట్లాడతాండావు! తల తిరిగిందా ఏమి?"

"నీ దోవన నువ్వు పోప్పా. పాఠం సెప్తాండా."

"బజార్లోనా!"

"బజార్లోనే. నువ్వూ నేర్సుకుంటావా?"

లోపల బెల్టు పడింది. మిషన్ మూలిగి, తిరగడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు విని హెడ్మాస్టరు ఉత్తరీయం సర్దుకుంటూ వీధిలోకి వచ్చాడు.

"ఖలందర్! నిన్ను రావద్దన్నానా లేదా?"

"నేను యాడికొచ్చినా సార్? ఇది బజారు. మునిసిపాలిటీది."

"పోలీసులను పిలిపిస్తాను!"

"పిలిపియ్యండి. కిటికీలోంచి పాఠం సెప్తాండాడని రాసుకోమనండి."

లోపలినుంచి కృపానందం కేక పెట్టాడు. "సార్, కడ్డీ వణుకుతాంది సార్!"

ఖలందర్ హెడ్మాస్టరుకు వీపు చూపించి, ఊచల్లోకి మొహం దూర్చాడు.

"ఆపు! బెల్టు ఆపు ముందు! చక్కు బిగించినావా? గట్టిగా బిగించు. ఆఁ, అట్ల. భయపడొద్దు. ఇప్పుడు బెల్టు వెయ్యి. టూలు మెల్లగా ముందరికి తీస్కరా... ఇంగా... ఇంగా రా..."

లోపల ఇనుము మీద టూలు ఆనింది.