ఆయన త్యాగం చేశారన్న పెళ్ళి

పోయిన నెల గుడియాత్తంలో ఒక పటావిష్కరణ సభకు మా అక్క కొడుకు నన్ను వెంటబెట్టుకుని తీసుకువెళ్ళాడు. పటం వాడి చిన్నాయనది, అంటే మా అక్క మరిదిది. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కి, ముందు వరసలో కూర్చుని, దండల మధ్య నుంచి నన్నే చూస్తున్నట్టున్న ఆ ముఖాన్ని చూస్తూ నేను నిమ్మళంగానే ఉన్నాను. ఇంతలో ఎవరో మంచి గొంతున్న కుర్రాయన లేచి, సగం అరవంలో సగం తెలుగులో ఆయన జైలు జీవితాన్నీ, రాట్నాన్నీ పొగిడి పొగిడి, చివరికి ఆ మహనీయుడు దేశం కోసం పెళ్ళిని కూడా త్యాగం చేశాడన్నాడు. సభంతా చప్పట్లు కొట్టింది. నా చేతులు మాత్రం ఒళ్ళోనే ఉండిపోయాయి.

పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. కానీ ఆయన త్యాగం చేశారంటున్న ఆ పెళ్ళిలో పెళ్ళికూతురంటూ ఒకతె ఉండాలి కదా, ఆమె ఎవరని ఆ సభలో ఒక్కరికైనా తోచకపోవడం నాకు మింగుడుపడలేదు. నా ఈడువాళ్ళు మీరైనా వినండి.

మాది వేలూరు, నేత కుటుంబం. నాకు ఊహ తెలియక ముందే పెళ్ళీ వైధవ్యమూ రెండూ అయిపోయాయి. చుట్టాలు ఎన్ని అన్నా మగ్గం గుంటలోంచి తల ఎత్తకుండా విని ఊరుకున్న మా నాయన, మరునాడే నన్ను బడిలో వేశాడు. ఆ పైన పంతులమ్మ ట్రైనింగు కూడా చదివించాడు. మొదటి ఉద్యోగం గుడియాత్తం ఆడపిల్లల బోర్డు బడిలో వచ్చింది. అక్క కాపురం ఆ ఊళ్ళోనే అయినా, పక్క వీధిలో ఒక గది అద్దెకు తీసుకుని నేనొక్కదాన్నే ఉన్నాను. ఆడది తన గదికి తానే తాళం వేసి, ఆ తాళపుచెవి నడుముకు దోపుకుని బడికి పోవడం ఆ వీధికి చాలా రోజులు అరగలేదు.

అక్క ఇంటి నడిమింట్లో రెండు మగ్గాలుండేవి. ఒకదాని మీద మా బావ మిల్లు నూలుతో లుంగీలు నేసేవాడు. రెండోదాని మీద ఆయన తమ్ముడు జానెడుకొకసారి తెగే రాట్నం నూలుతో ఖద్దరు నేసేవాడు. అన్నదమ్ములకు మాటల్లేవు. ఏం కావాలన్నా అక్క ద్వారానే. ఆ ఇల్లే కాదు, ఆ రోజుల్లో వీధులకు వీధులే అట్లా చీలిపోయాయి. పరదేశి నూలు అమ్మే అంగళ్ళ ముందు ఖద్దరువాళ్ళు అడ్డంగా కూర్చుంటే, వీళ్ళు మా కడుపు కొడుతున్నారని తక్కినవాళ్ళు తిట్టేవాళ్ళు. ఒకరింటి పెళ్ళికి ఒకరు పోయేవాళ్ళు కారు.

ఖద్దరు నేసే ఆ మరిదికి తెలుగు మాటే గాని అక్షరం రాదు, చదివింది అరవం. తెలుగు జిల్లాల నుంచి వచ్చే పత్రికలు చదవాలని ఆశ. అక్క అడిగితే, సాయంత్రాలు వాళ్ళ పంచలో, ఆమె పక్కన కూర్చుని బియ్యం ఏరుతూ ఉండగా, నేనాయనకు పలక మీద దిద్దబెట్టాను. తప్పు రాసిన ప్రతిసారీ తనను తానే చూసి నవ్వుకునేవాడు. పెద్ద మగవాడు తన తప్పుకు తాను నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. గుణింతాలు పూర్తి కాకముందే నా మనసు ఆయన మీదికి పోయిందని ఈ వయసులో ఒప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. ముందు అడిగింది కూడా నేనే. అక్క లోపలికి వెళ్ళినప్పుడు, మనం పెళ్ళి చేసుకుందామా అన్నాను. ఆయన పలకను తుడిచిందే తుడిచి, "అడిగేదానికి నాకే ధైర్యం లేకుండా ఉండాది, టీచరమ్మా" అన్నాడు.

ఆ నెలలోనే నూలు అంగడి ముందు ఆయన్ను పట్టుకుపోయి వేలూరు పక్కన తొరపాడి జైల్లో పెట్టారు. బంధువులను తప్ప ఖైదీని చూడనిచ్చేవాళ్ళు కారు. నేను ఆదివారం రైల్లో కాట్పాడిలో దిగి, జట్కాలో తొరపాడి చేరి, గేటు దగ్గర నిలబడ్డాను. నువ్వతనికి ఏమవుతావని వార్డరు అరవంలో అడిగాడు. కట్టుకోబోయేదాన్నన్నాను. అదే మాట వార్డరు తన పుస్తకంలో రాసుకున్నాడు. ఊచల అవతల నుంచి ఆయన చెప్పిన పది మాటలూ నేను దారి పొడుగునా నెమరు వేసుకుంటూ తిరిగి వస్తే, వార్డరు రాసుకున్న మాట నాకంటే ముందే మా బడికి చేరింది. బళ్ళ తనిఖీ దొరసానమ్మ పిలిపించి, ఆ ఖైదీకీ నాకూ ఏ సంబంధమూ లేదు, ఇకమీద ఉండబోదు అని రాసి ఉన్న కాగితం ముందు పెట్టింది. సంతకం చేయనన్నాను. నీ మీద నాకు జాలిగా ఉందంటూనే ఆమె నన్ను అరక్కోణానికి బదిలీ చేసింది.

ఇక ఖద్దరువాళ్ళ సంగతి. సర్కారు జీతం తినే మనిషి జైలుకు వచ్చిపోతున్నదంటే పోలీసులకు మాటలు మోయడానికేనని వాళ్ళు తీర్మానించారట. అక్క ఏడుస్తూ చెప్పింది. సర్కారు నన్ను ద్రోహి అన్నది, సర్కారును తిట్టేవాళ్ళు నన్ను వేగులమ్మ అన్నారు. ఒక మనిషిని ఇష్టపడిన ఆడదాన్ని, అంతే, అని ఏ పక్కనా ఎవరికీ తట్టలేదు.

విడుదలనాడు నాయనా నేనూ మల్లెదండ పట్టుకుని జైలు గేటు దగ్గర నిలబడ్డాం. మేళతాళాలతో జనం వచ్చారు. వాళ్ళలో పెద్దమనిషి ఒకాయన నా దగ్గరికి వచ్చి మెల్లగా, "ఈడొద్దమ్మా, సర్కారు మనిషివి, చూసేవాళ్ళు ఏమనుకుంటారు" అన్నాడు. పక్కకు జరిగాను. ఆయన బయటికి వచ్చాడు, నన్ను చూశాడు, చూసి ముఖం తిప్పుకున్నాడు. నాయన నా చేతిలోని దండ తీసుకుని, తన తుండుగుడ్డలో చుట్టుకుని ఇంటికి నడిచాడు.

ఎనిమిది రోజులకు, నేను సెలవు మీద వేలూరులో ఉండగా, ఆయన మా ఇంటికి వచ్చాడు. నాయన ఎదురుగానే మాట్లాడాడు. ఖద్దరువాళ్ళ పెద్దలు ఒప్పుకున్నారట. అయితే నేను ఉద్యోగానికి రాజీనామా ఇవ్వాలి, దాన్ని సభలో నేనే చదవాలి, ఆ సభలోనే వితంతు వివాహమని చాటి మా పెళ్ళి జరిపిస్తారు.

"ఊరికంతా ఆదర్శంగా ఉంటాదంట" అన్నాడు, తల వంచుకుని.

"నేను నిన్ను అడిగినాను, సభను అడగలే" అన్నాను. అక్షరాలు దిద్దించేటప్పుడు అలవాటైన ఆ 'నువ్వు' నాకు పోలేదు. "నాకు చదువు చెప్పేదే బతుకు. దాన్ని వదలమని నీకు తోచిందా, వాళ్ళు చెప్పినారా?"

ఆయన వాకిలి వైపు చూశాడు. అప్పుడు నేనే దారి చెప్పాను. సభలొద్దు, చాటింపులొద్దు, అరక్కోణంలో చిన్న గుడి ఉంది, నాయనా అక్కా వస్తారు, దండలు మార్చుకుందాం, నువ్వు నీ ఖద్దరు నేసుకో, నేను నా బడికి పోతాను, ఒక ఇంట్లో ఉందాం అన్నాను. మా నాయన అంతసేపటికి నోరు తెరిచి, "నా బిడ్డ అడిగింది న్యాయమేనప్పా. నేను వచ్చి నిలబడతా" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెద్దల్ని అడిగి ఆదివారం అరక్కోణం వస్తానన్నాడు.

మూడు ఆదివారాలు అరక్కోణం స్టేషనుకు వెళ్ళాను. జోలార్పేట వైపు నుంచి గుడియాత్తం మీదుగా వచ్చే ప్రతి బండీ చూశాను. నాలుగో వారం ఉత్తరం వచ్చింది. దేశం ముందు మన సుఖం ఎంత, త్యాగం చేయక తప్పదు అని, నేను నేర్పిన తెలుగులో. త అక్షరం కింద యవత్తు పెట్టడం ఆయనకు ఎన్నాళ్ళకూ వచ్చేది కాదు, చేయి పట్టి దిద్దించాను. ఆ ఉత్తరంలో అది తప్పు లేకుండా ఉంది.

దొరసానమ్మ ఒక కాగితం అడిగింది, పెద్దలు ఇంకొక కాగితం అడిగారు. ఇద్దరూ అడిగింది నన్నే. నువ్వేం వదులుకుంటావని ఆయన్ను ఎవరూ అడగలేదు. నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు, దానికి ఈనాటికీ విచారం లేదు. ఇష్టపడిన మనిషిని వాళ్ళకూ వీళ్ళకూ భయపడి వదులుకోవడానికి త్యాగమనే పేరు పెట్టి పటం కడితే మాత్రం, ఒళ్ళు మండుతుంది. ఆ పైన నేను ఎన్నో ఊళ్ళ బళ్ళలో ఎందరో ఆడపిల్లలకు చదువు చెప్పి, రిటైరై వేలూరు చేరాను. మళ్ళీ ఎవరినీ అడగాలనిపించలేదు.

ఇప్పుడు మా వీధి చివర ఒక జంట కాపురముంటున్నారు. ఆయన ఒక పార్టీ, ఆమె ఇంకొక పార్టీ, ఇద్దరూ ఉద్యోగస్థులే. ఎన్నికలు వస్తే పొద్దున్నే పేపరు ముందు వేసుకుని గొంతులు పెంచి వాదించుకుంటారు, మధ్యలో ఆమె కాఫీ చల్లారిపోతోందంటుంది, ఆయన తాగి మళ్ళీ మొదలుపెడతాడు. కూరగాయలకు పోతూ ఆ కిటికీ దగ్గర నేను కాసేపు ఆగుతాను. కాళ్ళ నొప్పులకు ఆగాననుకుని లోపలికి వచ్చి కూర్చోమంటారు. నాకు వాళ్ళ రాజకీయాలు అక్కరలేదు. ఒక ఇంట్లో ఇద్దరు అట్లా పోట్లాడుకోవచ్చునని మా కాలానికి తెలియలేదే అని, ఆ పోట్లాట అయిపోయేదాకా వింటూ నిలబడతాను.