రొయ్యల చెరువు గట్టు దగ్గర వదిలేసిన చెప్పులు

తెనాలిలో సైన్సు మాస్టారిని, వింతలంటే నాకు ఒళ్లుమంట. రేపల్లె దగ్గర రొయ్యల చెరువు గట్టు మీద మూడు వేళ్ల జంతువేదో తిరుగుతోందని పుకారు పుడితే, అబద్ధమని తేల్చడానికి ఈ మధ్యాహ్నం కొలిచే టేపు పట్టుకుని వెళ్లాను.

"చెప్పులిక్కడే వదిలి, ఈ సున్నం తొక్కి గట్టెక్కండి మాస్టారూ. లేకపోతే రొయ్యకి జబ్బొస్తుంది," అన్నాడు కాపలా ఉండే మస్తాన్.

"నువ్వు రావా బాబాయ్?"

"పట్టపగలైనా నేను రానండి."

చెరువు చుట్టూ తిరిగాను, ఒక్క గుర్తూ కనబడలేదు. నవ్వుకుంటూ తిరిగొస్తే, సున్నంలో నా పాదాల గుర్తుల మీదే మూడు వేళ్ల తడి అడుగులు. నా వెనకే గట్టెక్కినవి ఉన్నాయి, దిగినవి లేవు.

చెప్పులు పక్కనే ఉన్నా ఆగకుండా, వట్టికాళ్లతో పరుగెత్తి బస్సెక్కాను. ఆ చెప్పులింకా అక్కడే ఉన్నాయి. వింతల్ని నమ్మనివాళ్లు మీలో ఎవరైనా ఉంటే కాస్త తెచ్చిపెట్టండి.