రాధాబాయి కాసిన కాపలా

మొన్న పొద్దున మేడ మీద బట్టలు ఆరేస్తుంటే, ఎదురు అపార్ట్‌మెంట్ పిట్టగోడ మీద వరసగా కూర్చున్న పావురాలన్నీ ఒక్కసారిగా లేచాయి. బియ్యపు బస్తా చిరిగి రాతి నేల మీద పడ్డట్టు చప్పుడైంది. ఆ వెంటనే అంతా సద్దుమణిగిపోయింది. కాకి కూడా అరవలేదు. పైన ఏదో ఉంటే తప్ప పక్షులన్నీ అలా నోరు మూసుకోవు. తడి చీర భుజాన వేసుకుని ఆకాశమంతా వెతికాను. ఏమీ కనబడలేదు. కానీ ఆ రోజంతా నా మనసు నిజామాబాదులో లేదు. బాన్సువాడ టెలిఫోన్ ఎక్స్ఛేంజి మేడ మీద, రాధాబాయి పక్కన ఉంది.

డెబ్భైల నడుమ నేను బాన్సువాడలో ఆపరేటరుగా చేరాను. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. మా నాన్న గోదావరి జిల్లా నుంచి వచ్చి కోటగిరి దగ్గర కాలవ కింద పొలం కొనుక్కున్నాడు. అక్కడే మాలాంటి వాళ్లింట్లోనే నన్నిచ్చారు. పెళ్లయిన రెండో ఏడు, దమ్ము చేస్తున్న ట్రాక్టరు తిరగబడి నా భర్త పోయాడు. ఇంట్లో ఉంటే ఏడుస్తూనే ఉంటానని, చదువుకున్నాను కదా అని, నాన్న నన్ను ఈ ఉద్యోగంలో చేర్పించి, బజారు వెనక ఒక కిరాయి గది చూసిపెట్టి వెళ్లాడు. ఇంటి యజమానురాలు చెడ్డది కాదు. కానీ పొద్దున నేను వాకిట్లోకి వచ్చే వేళకి ఆవిడ లోపలికి వెళ్లిపోయేది. అది గమనించాక నేనే ఆలస్యంగా తలుపు తీయడం నేర్చుకున్నాను. గొంతు తగ్గించి మాట్లాడటం కూడా అప్పుడే అలవాటైంది. రోజంతా ఎక్స్ఛేంజి స్విచ్‌బోర్డు ముందు కూర్చుని ఊరందరి మాటలూ కలిపేదాన్ని. వడ్ల ధరలు, పెళ్లి కబుర్లు, చావు కబుర్లు అన్నీ నా చేతుల మీదుగానే పోయేవి. నాతో మాట్లాడేవాళ్లు మాత్రం లేరు.

రాధాబాయి అక్కడ ఇన్‌చార్జి. దెగ్లూరు వైపు మరాఠీ కుటుంబం. యాభై ఏళ్లుంటాయి. పొడుగ్గా, ఎండిన చెరుకుగడలా ఉండేది. మాట మాత్రం మగవాడి గొంతంత బరువు. పెళ్లయిందో లేదో, పిల్లలున్నారో లేదో ఊళ్లో ఎవరికీ తెలియదు. ఎక్స్ఛేంజి పక్క గదిలోనే ఒక్కతే ఉండేది. నేను చేరిన రోజు నా కాగితాలు చూసి, నా మెడకేసి ఒకసారి చూసి, ఏమీ అడగలేదు. "చాయ్ తాగుతవా?" అంది. ఆ తర్వాత కూడా ఏమీ అడగలేదు. అప్పటిదాకా నన్ను చూసిన ప్రతివాళ్లూ "ఎట్లా పోయాడమ్మా?" అని అడిగినవాళ్లే. అడగని మనిషిని నేను మొదటిసారి చూశాను.

ఎక్స్ఛేంజికి ఎదురుగా, సందు దాటితే, మూతబడిన పాత రైసు మిల్లు ఉండేది. దాని ఇటుకల పొగగొట్టం పైన ఒక పక్క కూలి, చిన్న అరుగులా తయారైంది. ఒక మాఘమాసంలో దాని మీద ఒక జంట డేగలు దిగాయి. నల్లటి తల, బుగ్గ మీద మీసంలాంటి నల్ల చార, ఇటుక రంగు పొట్ట. ఆడది పెద్దది, మగది చిన్నది. మగది ఎక్కడినుంచో పిట్టను కొట్టి తెచ్చేది. ఆడది ఎదురెగిరి గాలిలోనే అందుకునేది. రాధాబాయి మధ్యాహ్నం అన్నం గిన్నె పట్టుకుని మేడెక్కి, పొగగొట్టం వైపు చూస్తూ తినేది. కొన్నాళ్లకి నన్నూ పిలిచింది. ఎక్స్ఛేంజి ఊడ్చి నీళ్లు పట్టే సాలీబాయి, పక్క తండా నుంచి వచ్చేది, ఆమె కూడా మాతో కూర్చునేది. ముగ్గురం మాట్లాడుకునేది తక్కువ. ఆడది కదలకుండా కూర్చోవడం చూసి సాలీబాయే ముందు కనిపెట్టింది. "గుడ్లు పెట్టింది బాయి. ఇగ నెల రోజులు గట్లనే ఉంటది," అంది.

ఊళ్లో అందరికీ ఆ డేగలు నచ్చలేదు. సైకిళ్లు కిరాయికిచ్చే సైకిల్ టాక్సీ దుకాణం నడిపే ఖాదర్ భాయ్‌కి పావురాలంటే ప్రాణం. ఆయన ఎగరేసిన గుంపులోంచి రెండు మూడు పావురాలను అది మా కళ్లముందే కొట్టుకుపోయింది. ఒకరోజు ఎక్స్ఛేంజి మెట్ల దగ్గర నిలబడి, "అది షాహీన్, బాయి. నవాబులు పెంచెటోళ్లు. మాలాంటి గరీబోళ్ల పావురాలే దొరికినయా దానికి? ఆ గూడు పడగొట్టిస్త చూడు!" అని కేకలేసి వెళ్లాడు. రాధాబాయి కిటికీలోంచి విని బోర్డు దగ్గరికి వెళ్లిపోయింది.

గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చాయి. పత్తికాయ విచ్చినట్టు తెల్లటి నూగుతో రెండు తలలు ఇటుకల అంచు మీద ఊగుతూ కనబడేవి. ఆ సంతోషం వారం కూడా నిలవలేదు. ఒక ఉదయం సాలీబాయి చీపురు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. మిల్లు గోడ పక్కన, కరెంటు తీగల కింద, మగ డేగ చచ్చి పడి ఉంది. బజారంతా ఒకటే మాట, ఖాదరే చంపాడని. రాధాబాయి వెళ్లి దాన్ని చీర కొంగుతో ఎత్తి, గోడ పక్కనే గుంత తీయించి పూడ్చింది. పైన తల్లి అరుస్తూనే ఉంది. ఎవరినో పిలుస్తున్నట్టు, పలకకపోతే మళ్లీ పిలుస్తున్నట్టు ఆ అరుపు. నేను కింద నిలబడి విన్నాను.

మర్నాటి నుంచి అసలు కష్టం మొదలైంది. తల్లి వేటకి వెళ్తే పిల్లల దగ్గర ఎవరూ లేరు. వెళ్లకపోతే తిండి లేదు. అది లేచిందంటే చాలు, కాకులు పొగగొట్టం మీద దిగుతున్నాయి. రాధాబాయి ఒక వెదురు కర్రకి ఎర్రగుడ్డ కట్టింది. ఇత్తడి పళ్లెం, గరిటె తెచ్చింది. తల్లి లేచినప్పుడల్లా ఒకరం బోర్డు దగ్గర, ఒకరం మేడ మీద. ఎవరూ చెప్పని పని, ఎవరూ మెచ్చుకోని పని. సందులో పోయేవాళ్లు తలెత్తి నవ్వేవాళ్లు. ఆ సాయంత్రమే ఆమె నన్ను వెంటబెట్టుకుని ఖాదర్ భాయ్ దుకాణానికి వెళ్లింది. ఆయన మమ్మల్ని చూడగానే లేచి నిలబడ్డాడు.

"ఖుదా కసమ్, నేను చంపలే బాయి. కోపమొచ్చి అన్న గని, చంపలే. తీగ తగిలి సచ్చింది."

"నువ్వు చంపినవని నేనన్ననా? గది అడగనీకి రాలే. నీ గొంతు గావాలె."

"ఏంది?"

"నువ్వు పావురాలకు ఈల ఏస్తే ఊరంత ఇనబడతది. కాకులను కొట్టెటందుకు మా గొంతులు సరిపోతలేవు."

"నా పావురాలను తిన్నదానికి నేను కాపలా కాయాల్నా?"

"దాని మొగడు లేడు ఖాదర్. ఒక్కతె పిల్లల సాదుతుంది. వస్తె రా. రాకుంటె నీ ఇష్టం."

అంతే. బతిమాలలేదు. తిరిగి వచ్చేటప్పుడు నేను, "ఆయన రాడండీ," అన్నాను. "రాకపోతె రాకపోనీ. పిలిచినం గదా," అంది. మర్నాడు పొద్దున్నే ఆయన మేడ మీద ఉన్నాడు. మా మొహాలు చూడకుండా, "పావురాలను గంపల మూసిపెట్టిన. నాకేం పనున్నది ఇగ," అన్నాడు. రెండు వేళ్లు నోట్లో పెట్టి ఆయన వేసిన ఈలకి కాకులే కాదు, సందులో నిద్రపోతున్న కుక్క కూడా లేచి పారిపోయింది. ఆ రోజు రాధాబాయి నవ్వడం మొదటిసారి చూశాను. పళ్లు కనబడకుండా, కళ్లతోనే నవ్వేది.

ఒక మధ్యాహ్నం వంతు నాది. ఖాదర్ భాయ్ నమాజుకి వెళ్లాడు. తల్లి చాలాసేపటి నుంచి రాలేదు. రెండు కాకులు దిగాయి. ఒకటి అరుగు అంచుకి నడుస్తోంది. పళ్లెం మోగించాను. అవి ఆ చప్పుడుకి అలవాటుపడిపోయాయి. కర్ర ఊపాను. లెక్కచేయలేదు. నోరు తెరిచాను, గొంతు రాలేదు. రెండేళ్లుగా గుసగుసగా బతికిన గొంతది. కింద కిటికీలోంచి రాధాబాయి అరిచింది. "అరువు పిల్లా! ఇంక గట్టిగ! అరువు!" కాకి ముక్కు చాచి ఒక పిల్ల రెక్క పట్టుకుంది. అప్పుడు నాలోంచి ఒక కేక వచ్చింది. నాదేనని నేనే నమ్మలేదు. కాకులు లేచిపోయాయి. నేను మాత్రం ఆగలేదు. ఆకాశం ఖాళీ అయ్యాక కూడా, గొంతు చీలిపోయేలా అరుస్తూనే ఉన్నాను. నా భర్త శవం వాకిట్లో ఉన్న రోజు కూడా, నలుగురి మధ్య కూర్చుని, నేను అలా ఏడవలేదు. సందులో జనం ఆగి చూశారు. మా ఇంటి యజమానురాలు కూడా చూసిందట.

రాధాబాయి మెట్లెక్కి వచ్చింది. బోర్డు వదిలి ఆమె రావడం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. కూలబడ్డ నా పక్కన చెంబుతో నీళ్లు పెట్టింది. వీపు మీద చెయ్యి వేయలేదు, ఓదార్చలేదు. కర్ర తన చేతిలోకి తీసుకుని పొగగొట్టం వైపు తిరిగి నిలబడింది. నేను నీళ్లు తాగాక, "కింద లైన్లన్ని మోగుతున్నయ్. మొఖం కడుక్కొని పో. ఇక్కడ నేనుంట," అంది. వెళ్లి బోర్డు ముందు కూర్చుని, "నంబరు చెప్పండి," అన్నాను. అవతల బిచ్కుంద నుంచి మాట్లాడుతున్న షావుకారు, "ఎవరమ్మా, కొత్తగ వచ్చినవా?" అన్నాడు.

ఎండలు ముదిరే నాటికి పిల్లలకి రెక్కలొచ్చాయి. మొదటిది లేచి, మిల్లు చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, చెరుకు తోటల వైపు పోయింది. రెండోది మిల్లు ఆవరణలో పడింది. కాకి పట్టుకున్నది అదేనని నాకు అనిపించింది. ఖాదర్ భాయ్ గోడ దూకి, తువ్వాలు కప్పి, పావురాల గంపలో పెట్టి తెచ్చాడు. "ఏం పట్టుకున్ననో చూడుండ్రి. మా అబ్బ బతికుంటె నన్ను ఇంట్లకు రానియ్యడు," అని గొణుక్కుంటూనే, నిచ్చెన వేసి మిల్లు రేకుల మీద దాన్ని వదిలాడు. తల్లి దగ్గరికి వచ్చేదాకా నలుగురం మేడ దిగకుండా కూర్చున్నాం. నాలుగు రోజులకి అదీ పోయింది. తల్లీ పోయింది.

ఆ తర్వాత మేడ మీదికి ఎవరూ రాలేదు. ఖాదర్ భాయ్ మళ్లీ పావురాలు ఎగరేసుకున్నాడు. సాలీబాయి నాట్లకి వెళ్లింది. రాధాబాయి మాత్రం అన్నం గిన్నెతో రోజూ ఎక్కేది. "ఇంకా ఏం చూస్తారు బాయి?" అని అడిగాను ఒకసారి. "ఏం లేదు. ఉన్నప్పుడు చూస్తిమి. లేనప్పుడు కూడ చూడాలె గదా," అంది. మరుసటి ఏడాది మాఘంలో ఆడ డేగ ఒక్కటే వచ్చింది. కొన్ని రోజులు అరుగు మీద కూర్చుంది. జతగా ఏదీ రాలేదు. ఒక పొద్దున చూస్తే అదీ లేదు. ఆ రోజు రాధాబాయి అన్నం తినలేదని గిన్నె చూసి తెలుసుకున్నాను. నేనేమీ అడగలేదు. ఆమె పక్కన కూర్చున్నాను. అప్పటికి నాకూ అంత చేతనయింది.

ఎనభైల్లో నాకు నిజామాబాదు బదిలీ అయింది. ఆమె రిటైరై నాందేడులో అన్నకొడుకు ఇంటికి వెళ్లింది. ఒకసారి వెతుక్కుంటూ పోయాను. ఇంటి వెనక చిన్న గదిలో, మంచం మీద, గోడకి ఆనుకుని ఉంది. చూపు బాగా తగ్గింది. నా గొంతు విని, "ఇప్పుడు మంచిగ ఇనబడుతున్నవ్," అంది. ఇద్దరం సాయంత్రం దాకా కూర్చున్నాం. ఏం మాట్లాడుకున్నామో చెప్పమంటే నాకేమీ గుర్తు లేదు, ఎక్కువ మాట్లాడుకోలేదు. బస్సు వేళవుతోందని నేను రెండుసార్లు లేవబోయి మళ్లీ కూర్చున్నాను. చివరికి ఆమే, "చీకటి పడుతుంది. ఇగ పోయి రా పిల్లా," అంది. మళ్లీ ఎప్పుడొస్తావని అడగలేదు. నేను మళ్లీ వెళ్లకముందే ఆమె పోయిన కబురు వచ్చింది, ఫోన్లోనే.

నేను మళ్లీ పెళ్లి చేసుకోలేదు. నాకు తెలిసిన ఇళ్లలో ఎవరైనా పోతే, జనమంతా వచ్చి వెళ్లాక, పదిహేను ఇరవై రోజులు ఆగి వెళ్తాను. ఎట్లా పోయారని అడగను. ధైర్యం చెప్పను. మిగిలిపోయిన మనిషి పక్కన కుర్చీ వేసుకుని, ఆ మనిషి చూస్తున్న వైపే చూస్తూ కూర్చుంటాను. "ఇంక వెళ్లిరా అమ్మా," అని వాళ్లు అనేదాకా లేవను. చాలామంది చాలాసేపటి దాకా అనరు.